వినోదినీదాసి : పేరు దక్కని నాటకశాల

భరతముని నాట్యశాస్త్రమున మొదటి అధ్యాయమందే ఒక కథ కలదు. బ్రహ్మ నాట్యవేదమును సృజించి, దానిని నూర్గురు కుమారులతో కూడ ప్రయోగింపుమని భరతుని ఆజ్ఞాపించెను. భరతుడు భారతి, సాత్త్వతి, ఆరభటి అను మూడు వృత్తులను సిద్ధము చేసికొని పోగా, కైశికిని కూడ చేర్చుమని బ్రహ్మ పలికెను. శృంగారమునకు నెలవైన ఆ సుకుమారవృత్తి పురుషులచేత మాత్రమే నిర్వహింప శక్యము కాదని భరతుడు విన్నవించుకొనెను. అంతట బ్రహ్మ అప్సరసలను సృష్టించి యిచ్చెనట. స్త్రీ లేని నాటకము కొరతపడినదేయని శాస్త్రము తొలి పుటలలోనే ఒప్పుకొన్నది. సంఘము ఒప్పుకొనుటకు మాత్రము చాల కాలము పట్టినది.

మన ఆంధ్ర రంగస్థలమునే తీసికొందము. స్థానం నరసింహారావుగారు సత్యభామగా, మధురవాణిగా రంగమెక్కి ప్రేక్షకులను మైమరపించిన సంగతి వినని తెలుగువాడుండడు. అది ఆయన ప్రతిభ. కాని స్త్రీపాత్రలను పురుషులు ధరింపవలసి వచ్చుటకు కారణము ప్రతిభ కాదు. ముఖమునకు రంగు పూసికొన్న స్త్రీకి గృహస్థుల నడుమ చోటు లేకుండుటయే కారణము. సురభి కుటుంబములవారు ఇందుకు మినహాయింపు. బళ్లారి రాఘవగారు కుటుంబస్త్రీలు రంగమునకు రావలెనని పట్టుబట్టి ఎన్ని మాటలు పడిరో పెద్దలు చెప్పుకొనుచుండెడివారు. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్ర వ్రాసి యిమ్మని నిర్వాహకులు కోరినప్పుడు, రాజులను, కవులను వ్రాయువారు పలువురుందురు గదా యని తలచి, వంగదేశమునకు చెందిన ఒక నటీమణి చరిత్రను నేను ఎంచుకొంటిని. ఆమె పేరు వినోదినీదాసి. వంగీయులు వకారమును బకారముగా పలుకుదురు గనుక అక్కడివారికి ఆమె బినోదిని. ఈ ఉచ్చారణ సంగతి చదువరులు గుర్తుంచుకొనవలెను. కథలో దీనితో పని కలదు.

కలకత్తాలో 1873లో బెంగాల్ థియేటరను నాటకశాల వెలసినది. స్త్రీపాత్రలకు స్త్రీలనే నియమింపవలెనని దాని నిర్వాహకులకు సలహా యిచ్చినవాడు మహాకవి మైకేల్ మధుసూదనదత్తు. ఆ సంఘమున సభ్యుడైన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు ఇందుకు సమ్మతింపక వైదొలగెను. వితంతువుల వివాహమునకై లోకమునంతయు ఎదిరించిన ఆ మహనీయుడు సయితము నటీమణుల విషయమున వెనుకంజ వేసెనన్నచో నాటి పరిస్థితి యెట్టిదో తెలియగలదు. తుదకు నలుగురు స్త్రీలను తీసికొనిరి. నలుగురును వేశ్యావాటికలనుండి వచ్చినవారే. మధుసూదనుని శర్మిష్ఠా నాటకమును 1873 ఆగస్టులో వారు ప్రదర్శించిరి. దానిని చూచుటకు కవి లేడు. జూన్ నెలలోనే ఆయన మరణించెను.

ఆ నలుగురి వెంట నడచినవారిలో చిన్నది వినోదిని. ఆమె 1863 ప్రాంతమున కలకత్తాలో కారన్‌వాలిస్ వీధియందలి ఒక పేద యింట జన్మించెను. అమ్మమ్మ, తల్లి, తమ్ముడు, తాను. చిన్న పాకలను అద్దెల కిచ్చి, ఆ వచ్చిన రొక్కముతో కాలము గడుపుకొనెడివారు. తమ్ముడు బాల్యముననే పోయెను. ఆమెకును పసితనమున ఒక బాలునితో పెండ్లి యైనది గాని అది నిలువలేదు. వారి యింట అద్దెకున్న గంగాబాయి యను గాయకురాలు పిల్లకు సంగీతము నేర్పుచుండెను. గంగాబాయి పాట వినుటకు వచ్చెడి నాటకప్రియులు ఈ బాలికను చూచి, గ్రేట్ నేషనల్ థియేటరున నెలకు 10 రూపాయల జీతమునకు కుదిర్చిరి.

అది 1874 డిసెంబరు. నాటకము శత్రుసంహారము. భట్టనారాయణుని వేణీసంహారమునకు హరలాలరాయ్ చేసిన అనుసరణమది. ఆ బాలికకు ఇచ్చిన వేషము ద్రౌపది చెలికత్తె. పలుకవలసినవి రెండు మూడు మాటలు. దీపముల వెలుగున అంతమంది జనమును చూడగానే కాళ్లు వణకి, చెమటలు పట్టినవట. అయినను ఆ మాటలు తడబడక పలికి లోనికి పోవుసరికి కరతాళధ్వనులు మ్రోగినవి. ఆ చప్పుడు మెచ్చుకోలో, గేలియో తెలియక ఆ పిల్ల భయపడెనట. తరువాతి నాటకమైన హేమలతలో ఆమెయే నాయిక. అప్పటికి ఆమె వయస్సు పండ్రెండు నిండలేదు.

1875లో ఆ నాటకసమాజము ఢిల్లీ, లాహోరు, ఆగ్రా, బృందావనము మొదలగు చోట్ల ప్రదర్శనములిచ్చుచు తిరిగెను. లక్నోలో దీనబంధుమిత్రుని నీలదర్పణమును ఆడిరి. నీలిమందు తోటల దొరలు రైతులను పెట్టిన హింసయే దాని యితివృత్తము. చూలాలైన ఒక రైతుబిడ్డను చెరపట్టబోయిన దొరను తోరాపు అను రైతు పట్టుకొని కొట్టు ఘట్టము వచ్చుసరికి, ముందు వరుసలయందు కూర్చున్న తెల్లసోల్జర్లు కత్తులు దూసి రంగముమీదికి ఎగబ్రాకిరి. లోపల నటీమణులు ఏడుపులు. తెర దింపివేసిరి. పోలీసుల కావలియందు ఆ సమాజమువారు బసకు చేరి, ఊరు విడిచి పోయిరి. మరుసటి యేట, అనగా 1876లో, ప్రభుత్వము నాటకప్రదర్శనములను అదుపుచేయు చట్టమును తెచ్చినది. ఆ చట్టమునకు గల కారణములు వేరైనను, నాటకమునకు పాలకులు భయపడిరను మాట నిజము. అట్టి నాటకములతో పెరిగిన బాలిక వినోదిని.

ఆ తరువాత ఆమె 25 రూపాయల జీతముమీద బెంగాల్ థియేటరునకు మారెను. బంకించంద్రుని నవలలు అక్కడ నాటకములై ఆడుచుండెను. కపాలకుండలగా, మృణాళినిలోని మనోరమగా ఆమె పేరు గాంచెను. దుర్గేశనందినిలో తిలోత్తమ, ఆయేషా అను రెండు పాత్రలను ఒకే రాత్రి తానే ధరించిన సందర్భములు కలవు. ఒకతె సుకుమారి, బెదరుచూపులది. వేరొకతె నిబ్బరముగల రాచబిడ్డ. మనోరమను చూచిన బంకించంద్రుడు తాను కాగితముపై కల్పించిన స్త్రీ ప్రాణముతో ఎదుట నిలుచునని అనుకొనలేదని మెచ్చుకొనెనట. మేఘనాదవధ కావ్యమును నాటకముగా ఆడినప్పుడు చిత్రాంగద, ప్రమీల, వారుణి, రతి, మాయ, మహామాయ, సీత అను ఏడు వేషములను ఆమె యొక్కతెయే ధరించినది. తెరవెనుక చీర మార్చుకొనుటకే సమయము చాలని పని. మనస్సును మార్చుకొనుటకు సమయమెక్కడిది? నాకు ఆమె చరిత్రలో మిక్కిలి ఆశ్చర్యము గొలిపిన విషయమిదియే.

పిమ్మట గిరీశచంద్రఘోషు ఆమెకు గురువాయెను. గిరీశబాబు నటుడు, నాటకకర్త, శిక్షకుడు. ఆయన శిష్యురాలికి పాఠము వల్లె వేయించి ఊరకుండలేదు. షేక్‌స్పియరు, మిల్టను, బైరను రచనలలోని కథలు చెప్పి, ఆంగ్లేయ నటీమణుల అభినయరీతులను వివరించి, పాత్రయొక్క మనస్సులోనికి ఎట్లు ప్రవేశింపవలెనో నేర్పెను. కలకత్తాకు వచ్చెడి ఆంగ్లేయ నాటకసమాజముల ప్రదర్శనములను కూడ ఆమె చూచుచుండెను. బడి చదువు అంతంతమాత్రమైన ఆ బాలికకు నాటకశాలయే విద్యాలయమాయెను. నేనును బడి విడిచిన తరువాత ఒంటరిగా కావ్యములతో కుస్తీపట్టినవాడనే గనుక ఇట్టి చదువు విలువ యెరుగుదును.

ఇక ఆమె జీవితమున ముఖ్యఘట్టమునకు వత్తము. నేషనల్ థియేటరు అప్పుడు ప్రతాపచంద్ జౌహరీ యను మార్వాడీ వర్తకుని స్వాధీనమున నుండెను. వినోదిని 15 దినముల సెలవు తీసికొని కాశికి పోయి, అక్కడ జబ్బుపడి నెల దినములకు తిరిగి వచ్చెను. రాని కాలమునకు జీతమియ్యనని యజమాని పట్టుపట్టెను. తగవు ముదిరినది. గిరీశబాబు మొదలగువారికి కూడ ఆ యజమానితో పొసగకుండుటచే, తమకంటూ ఒక నాటకశాల యుండవలెనని అందరును తలచిరి. ధనమెక్కడిది?

గుర్ముఖ్‌రాయ్ అను ధనికుడైన మార్వాడీ యువకుడు ముందుకు వచ్చెను. ఇరువది యేండ్ల లోపువాడు. నాటకశాల కట్టించుటకు అతడు సిద్ధమే, కాని వినోదిని తన పోషణలో నుండవలెనని నియమము పెట్టెను. ఆమె అప్పటికే వేరొక ధనికుని ఆశ్రయమున నున్నది. తోడి నటులు, గురువులు అందరును ఒప్పుకొమ్మని ఆమెను బతిమాలిరి. పాత ఆశ్రయదాత కినుక వహించి, ఒకనాడు తెల్లవారుజామున కత్తి దూసి ఆమె గదిలోనికి వచ్చెను. వ్రేటు తప్పించుకొని, చేయి పట్టుకొని, ఒక నాటకపుటాడుదాని కొరకు పెద్దింటి పరువును, ప్రాణమును పోగొట్టుకొందువా యని మెల్లగా నచ్చజెప్పి అతనిని శాంతింపజేసెను. ఇంకొక విశేషము. నాటకము సంగతి విడిచిపెట్టినచో 50,000 రూపాయలు రొక్కముగా ఇచ్చెదనని గుర్ముఖ్‌రాయే ఆమెతో పలికెను. 10 రూపాయల జీతముతో బ్రతుకు ప్రారంభించిన స్త్రీకి ఆ మొత్తమెట్టిదో ఊహించుకొనుడు. తనకు డబ్బు వలదు, నాటకశాలయే కావలెనని ఆమె నిలిచినది.

బీడన్ వీధిలో 68వ నంబరు స్థలమును కవులుకు తీసికొని కట్టడము మొదలిడిరి. పగలు ఒత్తికలు, తరువాత కట్టడపు పని. వినోదిని తట్ట నెత్తిన పెట్టుకొని మట్టి మోసినది. పని వేగిరపడుటకై, కూలీలకు తట్టకు ఇన్ని గవ్వలని కూలికి పైన ఇచ్చి, రాత్రివేళ కూడ పని సాగించినది. అంత ఉత్సాహమెందుకన్నచో, ఆ నాటకశాలకు ఆమె పేరిట 'బి థియేటర్' అని నామకరణము చేసెదమని తోడివారు ఆశపెట్టియుండిరి. తాను పోయిన తరువాత కూడ తన పేరు నిలుచునని ఆమె నమ్మెను. రిజిస్ట్రీ జరిగినది. ఏ పేరు పెట్టిరని ఆమె అడుగగా, 'స్టార్' అని తెలిపిరి. ఆమె కొంతసేపు నోట మాట రాక కూర్చుండి పోయెనట. వేశ్యాకులమునకు చెందిన స్త్రీ పేరు పెట్టినచో మర్యాదస్థులు ఆ గడప త్రొక్కరను భయమే ఇందుకు కారణమని తరువాతివారు పలువురు వ్రాసిరి. ఆమె రొక్కము కాదన్నప్పుడు లేని భయము, ఆమె మట్టి మోసినప్పుడు లేని భయము, దస్తావేజు వ్రాయునప్పుడే పుట్టెను కాబోలు.

నేను వృత్తిరీత్యా గ్రామలెక్కలు వ్రాయువాడను. దున్నెడివాని పేరు ఒకటి, పట్టాలో నున్న పేరు ఇంకొకటి యగుట నాకు క్రొత్త కాదు. తరాలు గడచిన పిదప వచ్చి రికార్డు తిరుగవేయుమని కన్నీరు పెట్టుకొన్నవారిని చూచితిని. కాగితమున లేని దానిని నేను మాత్రమేమి చేయగలను? అందుచేతనే కాబోలు, రిజిస్ట్రీనాటి వినోదిని ముఖము నా కనులకు కట్టినట్లుండును.

1883 జూలై 21వ తేదీన స్టార్ థియేటరు దక్షయజ్ఞ నాటకముతో ప్రారంభమాయెను. గిరీశబాబు దక్షుడు, అమృతలాలమిత్రుడు శివుడు, వినోదిని సతీదేవి. తండ్రి చేయు యజ్ఞమున భర్తకు హవిర్భాగము లేదని విని సతి పడిన ఆవేదనను ఆమె అభినయించిన తీరు జనులు బహుకాలము చెప్పుకొనిరి. తనకు భాగము లేని యజ్ఞమన నేమో ఆ నటికి వేరుగ నేర్పవలసిన పని లేదుగదా.

నెలలు కొన్ని గడువకమునుపే బంధువుల ఒత్తిడివలనను అనారోగ్యమువలనను గుర్ముఖ్‌రాయ్ ఆ వ్యవహారమును వదలుకొనవలసి వచ్చెను. అతడు వినోదిని విషయమున ధర్మము తప్పలేదనియే చెప్పవలెను. నాటకశాలలో ఆమెకు సగము భాగమియ్యవలెనని అతడు కోరెను. యాజమాన్యపు చిక్కులు మనకెందుకని గిరీశబాబు వినోదిని తల్లికి నచ్చజెప్పెను. తల్లి ఒప్పుకొనెను. 11,000 రూపాయలకు నాటకశాల నలుగురి పేరిట మారినది. అమృతలాలమిత్రుడు, దాసుచరణ్ నియోగి, హరిప్రసాదవసువు, అమృతలాలవసువు ఆ నలుగురు. అందరును ఆమెతో కూడ పనిచేసినవారే.

వినోదిని అలిగి పోలేదు. ఆమె నటనాజీవితమున మిక్కిలి వెలుగొందిన కాలము ఆ తరువాతనే. నలదమయంతి, ధ్రువచరిత్రము, ప్రహ్లాదచరిత్రము. 1884 ఆగస్టు 2వ తేదీన చైతన్యలీల. అందు నిమాయి, అనగా చైతన్యప్రభువు పాత్ర వినోదినిది. మన దేశమున పురుషుడు స్త్రీ యగుట చూచితిమి. అక్కడ వేశ్యయని త్రోసివేయబడిన స్త్రీ సన్న్యాసియై హరినామము పాడినది. ప్రదర్శనమునాడు తెల్లవారుజామున గంగాస్నానము చేసి, దుర్గానామము వ్రాసి, ఈ పాత్రసాగరమును దాటింపుమని చైతన్యదేవునే ప్రార్థించుచుండెనట. నాటకముల వైపు కన్నెత్తి చూడని భక్తులు సయితము గుంపులుగా వచ్చిరి. సెప్టెంబరు 21వ తేదీన శ్రీరామకృష్ణ పరమహంస స్వయముగా వచ్చి చూచి, ఆమె శిరస్సుపై చేయి యుంచి ఆశీర్వదించెను. గ్రేట్ నేషనలునాడు పెద్దలు ముక్కు మూసికొన్న చోటునకు పరమహంస పాదరక్షలతో నడచి వచ్చుట వంగ రంగస్థల చరిత్రమున గొప్ప సంఘటన. వింత యేమనగా, అదే కాలమున అమృతలాలవసువు ప్రహసనము వివాహవిభ్రాటులో విలాసినీ కార్‌ఫార్మా యను నవనాగరక యువతి వేషమును కూడ ఆమెయే ధరించుచుండెను. ఒకే రాత్రి సన్న్యాసి, పిమ్మట హాస్యపాత్ర.

1885లో పరమహంస కంఠవ్యాధితో శ్యాంపుకూరున ఉన్నప్పుడు శిష్యులు సందర్శకులను రానిచ్చెడివారు కారు. నటీమణిని అసలే రానియ్యరు. వినోదిని కోటు, టోపీ ధరించి దొర వేషమున పోయినది. భక్తుడైన కాళీపదఘోషు ఆమెను వెంట తీసికొని వెళ్లెను. సంగతి తెలిసి పరమహంస పకపక నవ్వి, ఆమె భక్తికి మెచ్చుకొనెను. వేషము జీవనోపాధి యైనవారికి అది దర్శనమునకు కూడ సాధనమాయెను.

బుద్ధదేవచరితమున గోప, బిల్వమంగళమున చింతామణి ఆమె ధరించిన ఇతర పాత్రలు. ఈ బిల్వమంగళుడు మనకు అపరిచితుడు కాడు. శ్రీకృష్ణకర్ణామృతము రచించిన లీలాశుకుడే. కాళ్లకూరి నారాయణరావుగారి చింతామణి నాటకమునకును మూలము ఆ కథయే. మనవారు ఊరూర హాస్యమునకై చూచిన చింతామణిని, గిరీశబాబు వైరాగ్యమునకు దారిచూపు గురువుగా తీర్చెను.

1887 జనవరి 1వ తేదీన ఆమె చివరిసారి రంగమెక్కినది. ఇరువది నాలుగేండ్ల వయస్సు. పండ్రెండేండ్ల నటన. ఎన్నో మోసములు సహించితిననియు, ఇక ఓర్వలేకపోతిననియు మాత్రమే ఆమె తరువాత వ్రాసికొన్నది. అదే యేట బీడన్ వీధి భవనమును గోపాలలాల్ శీల్ అను ధనికునకు అమ్మివేసిరి. అతడు దానికి ఎమరాల్డ్ థియేటరని పేరిడెను. పాత యజమానులు భవనమును అమ్మిరి గాని, స్టార్ అను పేరును అమ్మలేదు. ఆ పేరుతో 1888లో హాతీబాగానున క్రొత్త నాటకశాల కట్టుకొనిరి. పేరు విలువ వారికి బాగుగ తెలియును.

వినోదిని ఒక సంపన్న గృహస్థుని ఆశ్రయమున సుమారు ముప్పదియేండ్లు గడపెను. శకుంతల యని ఒక కూతురు కలిగినది. ఆ బిడ్డను బడిలో చేర్పింపవలెనని ఆమె పడిన పాట్లు అన్నియిన్ని కావు. తల్లి యెవరో తెలిసి ఏ బడియు చేర్చుకొనలేదు. 1904లో పదమూడేండ్లైన నిండక ఆ పిల్ల మరణించినది. 1912లో ఆ గృహస్థుడును పోగా, ఆయన యింట ఆమెకు చోటు లేకపోయెను.

రంగము విడిచిన తరువాత ఆమె చేత పట్టినది కలము. 1896లో వాసన యను పద్యసంపుటము, 1905లో కనక్-నళిని యను కథాకావ్యము వెలువడినవి. 1912లో అచ్చయిన ఆమార్ కథా, అనగా నా కథ, ఆమె స్వీయచరిత్రము. పీఠిక వ్రాయుమని గురువును కోరెను. గిరీశబాబు వ్రాసి యిచ్చెను. తన నాటకముల కీర్తిలో ఆమెకు పెద్ద భాగము కలదని అందు ఒప్పుకొనెను. అయినను ఆమెకు తృప్తి కలుగలేదు. జరిగిన సత్యము కొంత విడిచిపెట్టబడినదని ఆమె అభ్యంతరము. శిష్యురాలు గురువు వ్రాతను తిప్పి పంపుట సామాన్యమా? ఆయన కోపింపక, తిరిగి వ్రాసి యిచ్చెదనని మాట యిచ్చి, 1912 ఫిబ్రవరిలో మరణించెను. తొలి ముద్రణమున ఆ పీఠికను ఆమె చేర్పలేదు; మరుసటి యేటి ముద్రణమున, గురువుగారి తుది వ్రాతలలో నొకటి గదాయని, చేర్చినది. నటీజీవితమును గూర్చి 1924, 1925లలో ఒక పత్రికలో మరల వ్రాయనారంభించెను గాని అది ముగియలేదు. 1941 ఫిబ్రవరిలో ఆమె కన్నుమూసెను.

హాతీబాగాను స్టార్ థియేటరు 1991లో అగ్నికి ఆహుతియై, పునర్నిర్మితమై 2004లో తెరువబడినది. దానిపేరును వినోదిని థియేటరుగా మార్చుచున్నట్లు పశ్చిమవంగ ముఖ్యమంత్రి 2024 డిసెంబరు 30వ తేదీన ప్రకటించిరి. రిజిస్ట్రీ జరిగి అప్పటికి 141 సంవత్సరములు. అయితే అది ఆమె మట్టి మోసిన కట్టడము కాదు. బీడన్ వీధి నాటకశాల చిత్తరంజన్ అవెన్యూ వేసినప్పుడే కూల్చబడినది. ఆ స్థలముమీదుగా నేడు బస్సులు పోవుచున్నవి.